బే ఏరియాలో ఎల్‌జీబీటీ నివాసం: అద్దె, ఆదరణ, నిలకడ

కాలిఫోర్నియాలో శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టూ ఉన్న తొమ్మిది కౌంటీలను కలిపి బే ఏరియా అంటారు. 2020 జనగణన నాటికి ఇక్కడ 77 లక్షలకు పైగా జనం ఉన్నారు. లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఆశ్రయమిచ్చే ప్రాంతంగా దీనికి ప్రపంచమంతటా పేరుంది. అమెరికాలో ఇల్లు దొరకడం అతి కష్టమైన చోట్లలోనూ ఇదొకటి. శాన్ ఫ్రాన్సిస్కో, శాన్ మాటియో, మారిన్ కౌంటీలలో నలుగురున్న కుటుంబం ఏడాదికి 1,17,400 డాలర్లు సంపాదించినా దాన్ని తక్కువ ఆదాయ కుటుంబంగానే 2018లో కేంద్ర గృహ విభాగం లెక్కగట్టింది. ఇలాంటి చోట ఇల్లు వెతుక్కునే ఎల్‌జీబీటీ వ్యక్తి ముందుగా అడిగేది ‘ఏ పేట మనకు అనుకూలం?’ అని. చరిత్ర చూసినా, చట్టం చూసినా, అద్దెల తీరు చూసినా ముందు అడగాల్సింది మరొకటి కనిపిస్తుంది. చేరబోయే ఇంట్లో ఎంతకాలం నిలవగలం? ఓనరుకు కోపం వచ్చినా, మార్కెట్ పెరిగినా, జంట విడిపోయినా, ఒంట్లో బాగోలేకపోయినా ఆ ఇల్లు చేజారకుండా ఆపేది ఏమిటి? పేటకున్న పేరు చాలావరకు అక్కడ ఒకప్పుడు జరిగినదాన్ని చెబుతుంది. రేపటి భద్రత మాత్రం అద్దె ఒప్పందం వెనకున్న హక్కుల్లో, నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న సంస్థల్లో ఉంటుంది.

ఇప్పుడు ఇంద్రధనుస్సు జెండాలతో లోకమంతా గుర్తుపట్టే, శాన్ ఫ్రాన్సిస్కో నగరంలోని కాస్ట్రో పేట 1960ల వరకు ఐరిష్, స్కాండినేవియన్ మూలాలున్న కార్మిక కుటుంబాలది. ఆ కుటుంబాలు శివార్లకు తరలిపోవడంతో పాత విక్టోరియన్ చెక్క ఇళ్లు చవకగా అమ్మకానికీ అద్దెకూ వచ్చాయి. నగరంలో స్వలింగ ప్రేమికులు అప్పటికే చాలామంది ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆ కారణంతోనే సైన్యం బయటికి పంపినవారిలో ఎంతోమంది ఈ రేవులో దిగి, సొంత ఊళ్లకు వెళ్లలేక ఇక్కడే ఉండిపోయారు. తొలినాటి లెస్బియన్ సంఘం డాటర్స్ ఆఫ్ బిలిటిస్ 1955లో ఇక్కడే పుట్టింది. మనుషులు, సంఘాలు ముందే ఉన్నా వారికంటూ ఒక పేట ఏర్పడింది ఇళ్లు చవకయ్యాకే. సమాజశాస్త్రవేత్త మాన్యుయెల్ కాస్టెల్స్ 1983లో వెలువరించిన ‘ది సిటీ అండ్ ది గ్రాస్‌రూట్స్’ గ్రంథంలో ఈ పరిణామాన్ని పటాలు గీసి మరీ వివరించాడు. ఒకచోట గుమిగూడి నివసించడం వల్లే వారికి ఓటు బలం వచ్చిందని చూపాడు. ట్రాన్స్ మహిళలకు ఆ అవకాశం కూడా దక్కలేదు. వేరేచోట ఎవరూ ఇల్లివ్వకపోవడంతో వారు టెండర్‌లాయిన్‌లోని చవక లాడ్జి గదుల్లో తలదాచుకున్నారు. 1966 ఆగస్టులో అక్కడి కాంప్టన్స్ కెఫటేరియాలో పోలీసుల వేధింపును ఎదిరించారు. పోలీసులను అలాగే ఎదిరించిన న్యూయార్క్ స్టోన్‌వాల్ ఘటనకు అది మూడేళ్లు ముందు. ఆ ప్రాంతానికే 2017లో ట్రాన్స్‌జెండర్ సాంస్కృతిక జిల్లాగా చట్టబద్ధమైన గుర్తింపు వచ్చింది, ప్రపంచంలో ఆ తరహా గుర్తింపు అదే మొదటిది. రెండు పేటల్లోనూ వరుస ఒకటే. ముందు చవక, తర్వాత జనం, ఆ తర్వాతే ఆదరణ.

ఆదరణ పెరిగాక చవక నిలవలేదు. గే హక్కుల నేత హార్వీ మిల్క్ 1973లో కాస్ట్రో వీధిలో కెమెరా దుకాణం తెరిచాడు, 1977 నవంబరులో నగర పాలక మండలికి ఎన్నికయ్యాడు. ఇల్లు, ఉద్యోగం విషయంలో లైంగిక ధోరణి ఆధారంగా వివక్ష చూపరాదన్న నగర చట్టాన్ని 1978లో తెచ్చాడు. అదే ఏడాది అద్దె పెరగడంతో సొంత దుకాణాన్నే కాస్ట్రో వీధి నుంచి మార్కెట్ వీధికి మార్చుకోవలసి వచ్చింది. పేటకు ప్రతినిధిగా గెలిచిన మనిషే ఆ పేట అద్దెను తట్టుకోలేకపోయాడు. ఇళ్లు కొని వెంటనే లాభానికి అమ్మేవారిపై పన్ను వేయాలని అతను పట్టుబట్టడానికి నేపథ్యం ఇదే. 1978 నవంబరు 27న మేయర్ జార్జ్ మాస్కోనీతో పాటు హత్యకు గురయ్యేనాటికి ఆ పన్ను రాలేదు. మరుసటి ఏడాది, 1979 జూన్‌లో నగరం అద్దె నియంత్రణ చట్టం చేసింది. ఆనాటికి కట్టి ఉన్న బహుళ నివాస భవనాల్లో చాలావాటిలో అద్దె ఏటా ఎంత పెంచవచ్చో దానితో పరిమితి వచ్చింది, తగిన కారణం లేకుండా ఖాళీ చేయించడానికి వీల్లేకుండా పోయింది. వివక్ష నిషేధ చట్టంతో కాస్ట్రోలో అడుగుపెట్టే హక్కు వచ్చింది, అద్దె నియంత్రణతో అక్కడ వృద్ధాప్యం దాకా ఉండే వీలు కలిగింది. రెండోదానికి దక్కాల్సినంత గుర్తింపు చరిత్ర పుస్తకాల్లో దక్కలేదు.

ఆ రక్షణలో రెండు పెద్ద కంతలున్నాయి. 1985 నాటి రాష్ట్ర చట్టం ఎల్లిస్ యాక్ట్ ప్రకారం యజమాని అద్దె వ్యాపారం నుంచే తప్పుకుంటున్నానని చెప్పి భవనం మొత్తాన్ని ఖాళీ చేయించవచ్చు. 1995లో వచ్చిన కోస్టా-హాకిన్స్ చట్టం ప్రకారం ఒక అద్దెదారు వెళ్లిపోయాక తర్వాతివారికి అద్దె ఎంతైనా పెట్టవచ్చు, విడి ఇళ్లకూ చాలావరకు కాండోలకూ నియంత్రణ వర్తించదు. అందువల్ల ఒకే భవనంలో ముప్పయ్యేళ్లుగా ఉన్నవారి అద్దెకూ నిన్న చేరినవారి అద్దెకూ పొంతన ఉండదు. పాత అద్దెదారు పోతే యజమానికి లాభం కాబట్టి ఎయిడ్స్ కాలం ఈ నగరంలో ఇళ్ల సంక్షోభం కూడా అయింది. లీజు ఒకరి పేరున ఉండి ఆ ఒకరూ చనిపోతే, అప్పటికి పెళ్లి హక్కు లేని భాగస్వామి చట్టం దృష్టిలో ఇంటికి ఏమీ కానివాడుగా మిగిలే ప్రమాదం ఉండేది. కాలిఫోర్నియాలో భాగస్వామ్య నమోదు 1999లో చేసిన చట్టంతో మొదలైంది, దానికి దాదాపు దాంపత్య హక్కులన్నీ 2005లో వచ్చాయి. స్వలింగ వివాహం 2008లో కొన్ని నెలలు సాగి ఆగి, 2013 నుంచి స్థిరపడింది. ఇద్దరి పేర్లూ లీజులో రాయించుకోవాలన్న సలహా ఈ అనుభవం నుంచి పుట్టింది, పెళ్లయిన జంటలకూ అది నేటికీ అవసరమే.

ఎల్‌జీబీటీ వ్యక్తులు బాగా సంపాదించేవారే, వారి ఇళ్ల గురించి ప్రత్యేకంగా బెంగపడాల్సింది ఏముంది అనే అభ్యంతరం తరచు వినిపిస్తుంది. పిల్లల ఖర్చు లేని, రెండు జీతాల గే జంట బొమ్మ ప్రకటనల్లో కనిపిస్తుందే తప్ప అది లెక్కలకు నిలవదు. లాస్ ఏంజెలెస్‌లోని విలియమ్స్ ఇన్‌స్టిట్యూట్ 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం అమెరికాలో ఎల్‌జీబీటీ వయోజనుల్లో పేదరికం సుమారు 22 శాతం, మిగతావారిలో 16 శాతం, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల్లో 29 శాతం. ఆ సంస్థే 2020లో ఇచ్చిన లెక్కలో సొంత ఇల్లున్నవారు ఎల్‌జీబీటీ వయోజనుల్లో సగం మంది, ఇతరుల్లో 70 శాతం. 2015 నాటి దేశవ్యాప్త ట్రాన్స్‌జెండర్ సర్వేలో ప్రతి పదిమందిలో ముగ్గురు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇల్లు లేకుండా గడిపామన్నారు. ఇంతటి పేరున్న శాన్ ఫ్రాన్సిస్కోలోనే ఇల్లులేనివారి గణనలో ఎల్‌జీబీటీ వ్యక్తులు నాలుగో వంతుకు పైగా తేలారు. మొత్తం జనాభాలో వారి వాటా దానికి చాలా తక్కువ. కారణం ఊహించడం కష్టం కాదు. అద్దెకు మూడింతల ఆదాయం చూపమంటారు, క్రెడిట్ చరిత్ర అడుగుతారు, అది చాలకపోతే హామీ సంతకం పెట్టేవారిని తెమ్మంటారు. పద్దెనిమిదేళ్లకే ఇంట్లోంచి వెళ్లగొట్టించుకున్న యువతికి ఆ సంతకం ఎవరు పెడతారు? పేరు మార్చుకున్న ట్రాన్స్ వ్యక్తి గుర్తింపు కార్డుకూ పాత బ్యాంకు ఖాతాల్లోని పేరుకూ పొంతన కుదరకపోతే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది.

ఇంకో అభ్యంతరం దీనికంటే బరువైనది. కాలిఫోర్నియాలో వివక్ష ఎక్కడైనా చట్టవిరుద్ధమే కదా, ఇక అనుకూలమైన చోటు వెతకడం దేనికి అంటారు. రాష్ట్ర గృహ చట్టంలో లైంగిక ధోరణి 2000 నుంచీ, జెండర్ గుర్తింపు 2004 నుంచీ స్పష్టంగా ఉన్నాయి. 2020 నుంచి ప్రభుత్వ అద్దె వోచర్ తెచ్చినవారిని ఆ కారణంతో కాదనడమూ కుదరదు. ఈ చట్టం అమూల్యం. కేంద్రంలో రక్షణ ఒక ప్రభుత్వంతో వస్తుంది, మరో ప్రభుత్వంతో పోతుంది. ఆశ్రయ గృహాల్లో జెండర్ గుర్తింపును గౌరవించాలన్న 2016 నాటి నిబంధన అమలును 2025 ఫిబ్రవరిలో కేంద్ర గృహ విభాగం నిలిపివేసింది. అయినా చట్టం ఉన్నంత మాత్రాన వివక్ష పోదు. అదే విభాగం 2013లో ప్రచురించిన అధ్యయనంలో 50 మహానగర ప్రాంతాల్లో దాదాపు ఏడువేల జతల ఈమెయిళ్లు పంపి చూశారు. అన్ని విషయాల్లో సమానమైన దరఖాస్తుల్లో గే, లెస్బియన్ జంటల కంటే స్త్రీ-పురుష జంటలకు మెరుగైన స్పందన వచ్చిన సందర్భాలు సుమారు 16 శాతం. రక్షణ చట్టాలున్న రాష్ట్రాల్లో ఈ తేడా తక్కువగా ఏమీ కనిపించలేదు. జవాబు రాని ఈమెయిల్ మీద కేసు వేయడం ఎవరికీ సాధ్యం కాదు.

వీటన్నిటికంటే నాకు ముఖ్యంగా తోచే విషయం మరొకటుంది. ఖరీదైన ప్రాంతంలో తక్కువ ఆదాయం ఉన్నవారికి దొరికేది ఫ్లాటు కాదు, ఎవరి ఇంట్లోనో ఒక గది. చట్టం సరిగ్గా ఆ గది గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. తానుంటున్న ఇంట్లో ఒక్కరికే గది ఇచ్చే యజమానికి రాష్ట్ర చట్టంలో మినహాయింపు ఉంది. ఇల్లు పంచుకునే సహవాసిని ఎంచుకోవడానికి గృహ వివక్ష చట్టాలు వర్తించవని 2012లో రూమ్మేట్స్ డాట్ కామ్ కేసులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తేల్చింది. ఆ తీర్పులో ధర్మం ఉంది. వంటగది, స్నానాలగది పంచుకునే మనిషిని ఎంచుకునే స్వేచ్ఛ లెస్బియన్ స్త్రీకీ అవసరమే, ఆ స్వేచ్ఛతోనే ఓక్లాండ్, బర్క్లీలలో ఎన్నో ఉమ్మడి ఇళ్లు నడుస్తున్నాయి. కానీ ఫలితం చూడండి: నెలకు మూడున్నర వేల డాలర్లు కట్టగలిగేవారికి చట్టం అండగా ఉంటుంది, వెయ్యి డాలర్ల గదిలో ఉండేవారికి ఇంటివారి మంచితనమే దిక్కు. అందుకే గది వెతుక్కునేవారు అనుకూలతను చూడటం మోజు కాదు, ఆత్మరక్షణ. అంతకంటే దిగువ మెట్టు మీద ఏముందో 2016 డిసెంబరు 2 రాత్రి తెలిసింది. ఓక్లాండ్‌లో ఘోస్ట్ షిప్ అనే గిడ్డంగిలో మంటలు రేగి 36 మంది చనిపోయారు. కొందరు కళాకారులు అనుమతులు లేకుండానే అందులో కాపురముండేవారు. ఆ రాత్రి సంగీత కార్యక్రమానికి వచ్చి చనిపోయినవారిలో ట్రాన్స్‌జెండర్ యువతులూ ఉన్నారు. తమను ఆదరించే చోటు, తాము భరించగలిగే చోటు ఒకటే అయ్యాక అది మెట్లూ తలుపులూ సరిగా లేని చోటైంది.

నగరం దాటి చూస్తే ఓక్లాండ్ మీద ఎక్కువసేపు ఆగాలి. లెస్బియన్ జంటలు దశాబ్దాలుగా ఎంచుకుంటున్న ఊరిది. టెలిగ్రాఫ్ అవెన్యూలోని వైట్ హార్స్ దేశంలోని అతి పాత గే బార్లలో ఒకటి. మెరిట్ సరస్సు దగ్గర 2017లో ఎల్‌జీబీటీక్యూ కేంద్రం తెరిచారు. పక్కనున్న బర్క్లీలో పసిఫిక్ సెంటర్ 1973 నుంచీ నడుస్తోంది. 1983కు ముందు కట్టిన అపార్ట్‌మెంట్లకు ఓక్లాండ్ సొంత అద్దె నియంత్రణ వర్తిస్తుంది, తగిన కారణం లేకుండా ఖాళీ చేయించకూడదన్న నిబంధనను 2002లో ఓటర్లే తెచ్చుకున్నారు. బార్ట్ రైలెక్కితే పావుగంటలో శాన్ ఫ్రాన్సిస్కో నడిబొడ్డు. హక్కు, సంస్థ, రవాణా మూడూ ఒకచోట కలిసిన ఊళ్లు బే ఏరియాలో ఎక్కువ లేవు. వల్లేహో కథ వేరు. నావికాదళ నౌకానిర్మాణ కేంద్రం 1996లో మూతపడి, 2008లో నగరపాలక సంస్థ దివాలా తీసిన ఊరు కావడంతో ఇళ్లు చవకగా దొరికి, ఓక్లాండ్‌లో కొనలేని జంటలు అక్కడికి వెళ్లాయి. అక్కడ బార్ట్ లేదు, ఫెర్రీలో శాన్ ఫ్రాన్సిస్కోకు గంట ప్రయాణం. రష్యన్ నది ఒడ్డున గర్నీవిల్ 1970ల చివరి నుంచి గే విహారస్థలం. పర్యాటకుల అద్దెలు ఇళ్లను తినేశాయి, 2019 ఫిబ్రవరిలో నది ఊరిని ముంచింది. శాక్రమెంటో బే ఏరియా బయటిది, అయినా లావెండర్ హైట్స్ పేట, 2022లో తెరిచిన 53 ఫ్లాట్ల వృద్ధుల భవనం లావెండర్ కోర్ట్‌యార్డ్ కారణంగా చాలామంది ఆశ అటు మళ్లింది. ఎంత దూరం వెళితే అద్దె అంత తగ్గుతుందన్నది నిజమే. హార్మోన్ చికిత్స చేసే క్లినిక్, హెచ్‌ఐవీ వైద్యుడు, తెలిసిన నలుగురు మనుషులు కూడా అంత దూరమవుతారు, ఆ ఖర్చు అద్దె రసీదులో కనబడదు.

శివార్ల గతం మీద భ్రమలు అక్కర్లేదు, వాటి వర్తమానం మీద భయమూ అక్కర్లేదు. 1980 జూన్‌లో శాంటా క్లారా కౌంటీ, శాన్ హోసే ఓటర్లు తమ ప్రాంతపు గే హక్కుల చట్టాలను దాదాపు 70 శాతం ఓట్లతో రద్దు చేశారు. ఎయిడ్స్ రోగులకు రక్షణనిచ్చిన స్థానిక చట్టాన్ని 1989లో కాంకర్డ్ ఓటర్లు కొట్టేశారు, తర్వాత ఆ రద్దును కోర్టు చెల్లదంది. అదే కాంకర్డ్‌లో ఇప్పుడు రెయిన్‌బో కమ్యూనిటీ సెంటర్ ఉంది. శాన్ హోసేలో బిల్లీ డిఫ్రాంక్ కేంద్రం 1981లో, ఆ ఓటమి వెన్నంటే పుట్టింది. శాంటా క్లారా కౌంటీ 2016లో ఎల్‌జీబీటీక్యూ వ్యవహారాలకు ప్రత్యేక కార్యాలయం తెరిచింది, దేశంలో ఏ కౌంటీకీ అంతకుముందు అలాంటిది లేదు. నలభయ్యేళ్లలో ఒక ప్రాంతపు మనసు ఇంతలా మారగలిగినప్పుడు పేట పేరును పట్టుకు వేలాడటం తెలివైన పని కాదు.

ఎల్‌జీబీటీ రాకే అద్దెలు పెంచి పేదవారిని తరిమిందన్న ఆరోపణను దాటవేయకూడదు. కాస్ట్రోలో ఇళ్లు బాగుచేసుకుని ధరలు పెంచినవారిలో తెల్లజాతి గే పురుషులు ఉన్నారు. పక్కనున్న మిషన్ పేట లాటినో కుటుంబాలకు ఆ ధరల సెగ తగిలింది. ఓక్లాండ్‌లో 1980లో దాదాపు 47 శాతంగా ఉన్న నల్లజాతి జనాభా 2020 నాటికి నాలుగో వంతు కంటే తక్కువకు పడిపోయింది, శాన్ ఫ్రాన్సిస్కో నుంచి వచ్చిపడ్డవారి పాత్ర అందులో లేదనలేం. అయితే ఆ నల్లజాతి, లాటినో కుటుంబాల్లోనూ ఎల్‌జీబీటీ బిడ్డలున్నారు, ముందుగా రోడ్డున పడేది వాళ్లే. ధరలను ఇంతెత్తుకు తీసుకుపోయింది టెక్ జీతాలు పెరుగుతూ ఉండగా ఇళ్లు కట్టనివ్వని స్థానిక నిబంధనలు. ఈ విడతలో, అంటే 2023 నుంచి 2031 లోపు, 82,069 నివాసాలకు చోటు చూపాలని శాన్ ఫ్రాన్సిస్కోను, 4,41,176 నివాసాలకు చూపాలని మొత్తం బే ఏరియాను రాష్ట్రం ఆదేశించాల్సి వచ్చిందంటే లోటు ఎంతటిదో తెలుస్తుంది. అద్దె నియంత్రణే కొరతను పెంచుతుందనే ఆర్థికవేత్తల మాటలోనూ సత్యం ఉంది. శాన్ ఫ్రాన్సిస్కోలో చిన్న భవనాలకు 1994లో నియంత్రణ విస్తరించాక ఏమైందో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూశారు. ఆ ఇళ్లలో ఉన్నవారు అవే ఇళ్లలో నిలదొక్కుకున్నారు, యజమానులు మాత్రం అద్దెకిచ్చే ఇళ్లను 15 శాతం తగ్గించారు, నగరమంతటా అద్దెలు సుమారు 5 శాతం పెరిగాయి. నా దృష్టిలో ఇది నియంత్రణ ఎత్తేయడానికి వాదన కాదు, దానితో పాటు ఇళ్లు విరివిగా కట్టాలనడానికి వాదన. కుటుంబం అండలేని డెబ్బై ఏళ్ల మనిషికి ఉన్న ఇల్లు పోతే, పదేళ్ల తర్వాత మార్కెట్ సర్దుకుంటుందన్న మాట ఎందుకూ కొరగాదు.

నిలకడను ప్రజాధనంతో కట్టి ఇచ్చిన నమూనాలూ ఉన్నాయి. శాన్ ఫ్రాన్సిస్కో లగూనా వీధిలో ఓపెన్‌హౌస్ అనే సంస్థ, మెర్సీ హౌసింగ్ కలిసి ఎల్‌జీబీటీ వృద్ధులను దృష్టిలో పెట్టుకుని రెండు భవనాల్లో 119 ఫ్లాట్లు కట్టించాయి, రెండోది 2019లో తెరుచుకుంది. ఒక వర్గానికే కేటాయించడం వివక్షే కదా అని అడిగేవారికి జవాబు ఆ భవనాల పద్ధతిలోనే ఉంది. ఇల్లు లాటరీలో వస్తుంది, స్త్రీ-పురుష జంటలు కూడా దరఖాస్తు చేయవచ్చు. సిబ్బందికి శిక్షణ, ఆవరణలోనే సేవలు, ఎల్‌జీబీటీ సంఘాల ద్వారా విస్తృత ప్రచారం వల్ల ఆ చోటు వారిదవుతుంది. నగరంలో ఇలాంటి సరసమైన ఇళ్లన్నింటికీ డాలియా అనే ఒకే పోర్టల్‌లో దరఖాస్తు చేయవచ్చు. నగరంలో ఉంటున్నవారికీ పనిచేస్తున్నవారికీ, ఎల్లిస్ చట్టం కింద ఖాళీ చేయించబడ్డవారికీ లాటరీలో ప్రాధాన్యం ఉంటుంది, కాబట్టి ఖాళీ చేయమన్న నోటీసును పారేయకుండా దాచుకోవడం మంచిది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల నిరాశ్రయతను 2027కల్లా తొలగిస్తామని నగరం 2022లో 65 లక్షల డాలర్లతో, కనీసం 150 దీర్ఘకాల అద్దె సాయాలతో ప్రణాళిక ప్రకటించింది. అవసరం ముందు ఈ అంకెలు చిన్నవి. కానీ పెరుగుతున్న మార్కెట్ అద్దె నుంచి మనిషిని విడదీసి నిలబెట్టగలిగినవి ఇవే.

బే ఏరియాలో తెలుగువారు ఎక్కువగా ఉండే ఫ్రీమాంట్, సన్నీవేల్, శాంటా క్లారా, మిల్పిటాస్, డబ్లిన్, శాన్ రమోన్‌లకు ఎల్‌జీబీటీ పేటలుగా పేరు లేదు. కొత్తగా వచ్చిన తెలుగు యువతకు చవక గది దొరికేది మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోనే. ఊరు, తిండి, కాలేజీ అడిగి ఇచ్చే ఆ గదిలో సౌకర్యం ఎంతో, తల్లిదండ్రుల దాకా కబురు చేరే భయమూ అంతే. పైన చెప్పిన సహవాసి మినహాయింపు అక్కడ పూర్తిగా వర్తిస్తుంది. దాని నుంచి బయటపడే దారి వారికి నిజంగా ఉంది. మూడు, అంతకంటే ఎక్కువ యూనిట్లున్న పాత భవనాల్లో అద్దె పెంపును శాన్ హోసే ఏటా 5 శాతానికి పరిమితం చేసింది. మౌంటెన్ వ్యూ ఓటర్లు 2016లో అద్దె నియంత్రణను గెలిపించారు. ఫ్రీమాంట్, సన్నీవేల్‌లలో సొంత నియంత్రణ లేకపోయినా, పదిహేనేళ్లు దాటిన అపార్ట్‌మెంట్లకు 2020 నుంచి రాష్ట్రవ్యాప్త పరిమితి ఉంది: ద్రవ్యోల్బణానికి అదనంగా 5 శాతం, ఎట్టి పరిస్థితిలోనూ 10 శాతం దాటకూడదు. అలా పదిహేనేళ్లు దాటిన ఒక పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయంలో స్టూడియోను సొంత పేరున తీసుకుంటే వివక్ష నిషేధ చట్టం, అద్దె పరిమితి రెండూ ఒకేసారి వర్తిస్తాయి. గది కంటే ఖర్చు ఎక్కువే, ఆ ఎక్కువ కొన్నది ఈ హక్కులను. దక్షిణాసియా ఎల్‌జీబీటీ వ్యక్తుల సంస్థ ట్రైకోన్ 1986 నుంచి ఇక్కడే ఉంది, గది వెతికేటప్పుడు అడగడానికి వాట్సాప్ గ్రూపు కాని చోటు అది. హెచ్-1బీ వీసా మీద ఉన్నవారు పెళ్లాడిన స్వలింగ భాగస్వామిని హెచ్-4 మీద తెచ్చుకోవడం 2013 నుంచి సాధ్యమైంది. భారత సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో వివాహ హక్కును నిరాకరించడంతో, ఆ పెళ్లి దాన్ని గుర్తించే దేశంలోనే జరిగి ఉండాలి. ఆ పెళ్లి పత్రంతో పాటు లీజులో రెండు పేర్లు ఉంటే, ఒకరి ఉద్యోగం పోయినా, ఒకరు ఆసుపత్రిలో ఉన్నా, రెండోవారు ఆ ఇంట్లో అతిథి కారు, అద్దెదారు.